చాసర్ నుంచి వెనక్కి, మళ్ళీ ముందుకు: తొలినాటి ఆంగ్ల సాహిత్యాన్ని చదివే పద్ధతి

ఆంగ్ల సాహిత్య చరిత్ర పుస్తకం ఏది తెరిచినా, ఐదో శతాబ్దంలో ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చిన ఘట్టంతో మొదలవుతుంది. విద్యార్థి కూడా అక్కడే మొదలుపెట్టి, కవుల పేర్లు, సంవత్సరాలు, కథాసంగ్రహాలు బట్టీపట్టి, మూలంలో ఒక్క పంక్తైనా చదవకుండా వెయ్యేళ్ళకు పైగా దాటేసి షేక్‌స్పియర్ దగ్గర ఊపిరి పీల్చుకుంటాడు. మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవారికీ, నెట్, సెట్ పరీక్షలకు సిద్ధమైనవారికీ ఇది తెలిసిన సంగతే. పరీక్ష గట్టెక్కడానికి ఆ చదువు సరిపోవచ్చు గానీ, దానివల్ల ఆ సాహిత్యం మీద ఇష్టం కలగదు.

ఈ మార్గదర్శి వేరే వరుసను సూచిస్తుంది. ముందుగా 14వ శతాబ్దపు చాసర్‌ను మూలంలో, పైకి చదువుతూ మొదలుపెట్టాలి. చెవి కుదురుకున్నాక ఓల్డ్ ఇంగ్లిష్‌కు వెనక్కి వెళ్ళాలి. ఆ తరవాతే కాలక్రమంలో ముందుకు రావాలి. రోజుకు అరగంట కేటాయించగలిగినవారికి ఇది ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టే పని. ఇంతకంటే తొందరపడితే మళ్ళీ సంగ్రహాల దగ్గరికే చేరుకుంటారు.

ముందుగా ఒక చిన్న కాలపటం

వివరాల్లోకి వెళ్ళే ముందు నాలుగు గుర్తులు మనసులో ఉంటే చాలు. 1066లో నార్మన్ల దండయాత్ర జరిగింది. దానికి ముందున్న భాష ఓల్డ్ ఇంగ్లిష్, తరవాత దాదాపు 1500 వరకు ఉన్నది మిడిల్ ఇంగ్లిష్. 1348లో ఇంగ్లండుకు చేరిన మహామారి జనాభాను, కూలి రేట్లను, పాత సామాజిక కట్టుబాట్లను తలకిందులు చేసింది. చాసర్ తరం దాని నీడలో పెరిగింది. 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం నెలకొల్పాడు. ఓల్డ్ ఇంగ్లిష్ వీరకావ్యం బేవుల్ఫ్ రాతప్రతి దాదాపు క్రీ.శ. 1000 నాటిది, అంటే రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ భారతం ఆరంభించడానికి కొన్ని దశాబ్దాల ముందుది. తెలుగువారికి కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికి ఈ పోలిక బాగా అక్కరకొస్తుంది.

మొదటి మెట్టు: చాసర్‌ను నోటితో చదవడం

జెఫ్రీ చాసర్ లండన్‌లో ద్రాక్షసారా వర్తకుని కొడుకు. ఫ్రాన్సు యుద్ధంలో పట్టుబడి విడుదలైనవాడు, ఇటలీకి రాజకార్యం మీద వెళ్ళివచ్చినవాడు, 1374 నుంచి పన్నెండేళ్ళు లండన్ రేవులో సుంకాల అధికారిగా పనిచేసినవాడు. రాజాస్థానం నుంచి రేవు దాకా అన్ని తరగతుల మనుషులనూ దగ్గరగా చూసినవాడు కాబట్టే, 1387 ప్రాంతంలో మొదలుపెట్టిన కాంటర్‌బరీ టేల్స్‌లో భటుడినీ, వంటవాడినీ, మరపట్టేవాడినీ, సన్యాసినినీ కథలు చెప్పుకొంటూ కాంటర్‌బరీకి వెళ్ళే యాత్రికుల్లో ఒకే గుంపుగా గుర్రాల మీద నడిపించగలిగాడు.

తొలి పని ఆ గ్రంథపు ప్రోలోగ్‌లోని, అంటే పీఠికలోని, మొదటి 18 పంక్తులను కంఠస్థం చేయడం. మొదటి రెండు పంక్తులను తెలుగు లిపిలో దాదాపుగా ఇలా రాసుకోవచ్చు: “హ్వన్ దట్ ఆప్రిల్ విథ్ హిస్ షూరెస్ సోటె, ద డ్రుఖ్ట్ ఒఫ్ మార్చ్ హథ్ పెర్సెడ్ టో ద రోటె”. ఏప్రిల్ తన తీయని జల్లులతో మార్చి నెల కరవును వేరుదాకా తొలిచినప్పుడు, అని అర్థం. ఇక్కడ రెండు నియమాలు పట్టుకుంటే సగం పని అయిపోతుంది. ఒకటి, దీర్ఘాచ్చులు నేటి ఇంగ్లిష్‌లోలా కాక, లాటిన్‌లోనో ఇటాలియన్‌లోనో పలికినట్టు పలకాలి; ఆ ఉచ్చారణను మార్చేసిన అచ్చుల మహాపరివర్తన చాసర్ మరణించాకే ఊపందుకుంది. రెండోది, రాసిన అక్షరాన్ని మింగకూడదు. “నైట్” అని నేడు పలికే మాటను “క్నిఖ్ట్” అని హల్లులన్నీ వినిపించేలా అనాలి. మాట చివరి “ఎ” కూడా పలకాలి, అయితే తరవాతి మాట అచ్చుతో మొదలైతే అది అందులో కలిసిపోతుంది. రాసింది రాసినట్టు చదవడం తెలుగువారికి పుట్టుకతో వచ్చిన అలవాటు గనుక, నేటి ఇంగ్లిష్ స్పెల్లింగ్ మనను ఇబ్బంది పెట్టినంతగా చాసర్ పెట్టడు.

ఈ 18 పంక్తులూ కలిసి ఒకే వాక్యం. జల్లులు, పడమటిగాలి, లేత చిగుళ్ళు, రాత్రంతా కళ్ళు తెరిచి నిద్రించే పిట్టలు, ఇవన్నీ “అప్పుడు” అన్న మాట కోసం ఎదురుచూస్తూ వరుసకడతాయి. పన్నెండో పంక్తికి గానీ ప్రధాన క్రియ రాదు. అప్పుడు జనానికి యాత్రలకు వెళ్ళాలనిపిస్తుంది, అంటాడు కవి. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం మనకు నేర్పనక్కరలేదు. ఒక్కొక్క ఉపవాక్యాన్ని తెలుగులో “...ప్పుడు” అని ముగించుకుంటూ చదివితే ఈ వాక్యం కట్టుబడి తేటగా కనిపిస్తుంది.

తరవాత ప్రోలోగ్ అంతటినీ ఒక్కసారిగా చదవకుండా, రోజుకొక మనిషి చొప్పున చదవండి. వీరిలో నేను అందరికీ ముందుగా చూపించేది ప్రియరెస్, అంటే మఠాధ్యక్షురాలు. 118వ పంక్తి నుంచి 162 వరకు ఉన్న ఆ చిత్రణలో చాసర్ ఆమెను ఒక్క మాటతోనైనా తప్పుపట్టడు. ఆమె ప్రార్థనగీతాలను ముక్కుతో చక్కగా పాడుతుంది. ఫ్రెంచి అందంగా మాట్లాడుతుంది గానీ అది స్ట్రాట్‌ఫర్డ్ ఎట్ బో బడిలో నేర్చిన ఫ్రెంచి, పారిస్ ఫ్రెంచి ఆమెకు తెలియదు. తాగేముందు పైపెదవిని ఎంత శుభ్రంగా తుడుచుకుంటుందంటే, గిన్నెలో జిడ్డు చుక్కైనా తేలదు. బోనులో పడ్డ ఎలుకను చూస్తే ఏడుస్తుంది. తన చిన్న కుక్కలకు కాల్చిన మాంసం, పాలు, తెల్లరొట్టె పెడుతుంది; సన్యాసినులు కుక్కలను పెంచకూడదని బిషప్పులు పదేపదే ఆంక్షలు పెట్టిన కాలమది. చివర చేతికున్న జపమాలకు వేలాడే బంగారు పతకం మీద, ప్రేమ అన్నిటినీ జయిస్తుందని లాటిన్ మాటలు. ఏ ప్రేమ? కవి చెప్పడు. ఈ 45 పంక్తులను కాగితం మీద దింపుకొని, ప్రతి వివరం పక్కన “ఇది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా, రెండూనా” అని రాసుకోండి. చాసర్ చూపు ఎలాంటిదో ఈ ఒక్క కసరత్తు నేర్పినంతగా పది విమర్శ వ్యాసాలు నేర్పవు.

పూర్తి కథల్లో మొదట పార్డనర్, అంటే పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాడు, చెప్పిన కథ చదవాలి. మృత్యువును చంపుతామని బయలుదేరిన ముగ్గురు తాగుబోతులకు చెట్టుకింద బంగారం దొరుకుతుంది, ఆ బంగారమే వారిని ఒకరిచేత ఒకరిని చంపిస్తుంది. ఈ కథకు తెలిసినంతలో అతి పాత రూపం పాళీలోని వేదబ్భ జాతకం. మన దేశపు కథ ఎన్నో నోళ్ళు దాటి కాంటర్‌బరీ దారిలో వినిపిస్తోందన్న ఎరుకతో రెంటినీ పక్కపక్కన చదివితే, చాసర్ తనంతట తాను చేర్చినదేమిటో స్పష్టమవుతుంది: జాతకంలో లేని ఆ వృద్ధుడు, చావు కోసం భూమాత తలుపును కర్రతో తడుతూ తిరిగే ముసలివాడు. ఆ తరవాత నన్స్ ప్రీస్ట్ చెప్పిన కోడిపుంజు-నక్క కథ, వైఫ్ ఆఫ్ బాత్ పీఠిక చదవండి. నైట్ చెప్పిన పొడుగాటి కథను చివరికి ఉంచుకోవచ్చు.

సాధనాల విషయం ఒక్క మాటలో చెబుతాను. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి మిడిల్ ఇంగ్లిష్ నిఘంటువు, హార్వర్డ్ వారి చాసర్ వెబ్‌సైట్‌లోని పంక్తివారీ అనువాదాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనువాదాన్ని ముందు చూడవద్దు. మూలాన్ని రెండుసార్లు పైకి చదివాక, అర్థం కాని మాటల కోసమే దానిని తెరవండి.

రెండో మెట్టు: ఓల్డ్ ఇంగ్లిష్‌కు వెనక్కి

చాసర్‌తో మూడు నాలుగు నెలలు గడిపాక ఓల్డ్ ఇంగ్లిష్ మొదలుపెట్టాలి. దీన్ని పాత ఇంగ్లిష్ అనుకోకుండా మరొక భాష అనుకొని వ్యాకరణం నేర్చుకోవాలి. మూడు లింగాలు, ప్రధానంగా నాలుగు విభక్తులు, ఏకవచన బహువచనాలతో పాటు “మనమిద్దరం” అనే అర్థంలో సర్వనామానికి ద్వివచనం, ఉపవాక్యం చివర క్రియ. ఆంగ్లేయ విద్యార్థులకు ఇదంతా వింత. విభక్తులతోనే మాట్లాడుతూ, బడిలో సంస్కృత శబ్దాలు వల్లించిన తెలుగు విద్యార్థికి ఇందులో బెదిరే పనిలేదు. పదజాలంలోనూ చుట్టరికాలు తగులుతాయి: తేనె మద్యానికి వారి “మెడు”, మన తత్సమం “మధు” ఒకే మూలం నుంచి పుట్టినవి. అచ్చుల హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్నే మార్చేస్తుంది కాబట్టి, పాఠ్యపుస్తకాల్లో అచ్చు మీద గీత కనిపించినప్పుడల్లా దీర్ఘం పలకాలి.

మొదటి పాఠంగా ఆల్ఫ్రిక్ అనే సన్యాసి బడిపిల్లలకు లాటిన్ నేర్పడానికి రాసిన సంభాషణను, దాని పంక్తుల మధ్య చేర్చిన ఓల్డ్ ఇంగ్లిష్ అర్థాలతో చదవమంటాను. అందులో నాగలి దున్నేవాడు తెల్లవారుతూనే ఎడ్లను తోలుకెళ్తానని, ఎంత చలి ఉన్నా యజమాని భయంతో ఇంట్లో ఉండలేనని, తాను స్వతంత్రుడిని కానందువల్ల ఆ కష్టం తప్పదని చెప్పుకొంటాడు. వాక్యాలు చిన్నవి, మాటలు రోజువారీవి, మనిషి గొంతు మాత్రం వెయ్యేళ్ళ తరవాత కూడా సూటిగా తగులుతుంది. తరవాత కాడ్‌మన్ వృత్తాంతానికి రండి. విట్బీ మఠంలో, హిల్డ్ అధిపతిగా ఉన్న కాలంలో, విందులో వీణ తన దగ్గరికి వస్తుంటే పాడటం రాక లేచి వెళ్ళిపోయిన పశువుల కాపరి కలలో సృష్టిగీతం పాడాడని బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చర్చి చరిత్రలో రాశాడు. ఆ గీతం తొమ్మిది పంక్తులే. అవి నోటికి రావాలి.

ఇప్పుడు ఛందస్సు. ఇక్కడే తెలుగు పాఠకునికి నిజమైన మేలు జరుగుతుంది, కనుక కొంత నిదానిద్దాం. ఓల్డ్ ఇంగ్లిష్ పద్యంలో అంత్యప్రాస లేదు. ప్రతి పంక్తి రెండు ముక్కలుగా విరుగుతుంది. ఒక్కో ముక్కలో రెండేసి బలమైన ఊనికలు ఉంటాయి. ఆ రెండు ముక్కలనూ ఊనిక పడిన హల్లుల మైత్రి కలిపి కడుతుంది. బేవుల్ఫ్ నాలుగో పంక్తి చూడండి: “ఒఫ్ట్ ష్యుల్డ్ షేవింగ్ — షెఅథెన థ్రెఅటుమ్”. ఊనికలు ష్యుల్డ్, షే, షెఅ, థ్రెఅ మీద పడతాయి. మొదటి మూడింటికీ “ష” మైత్రి కుదిరింది, నాలుగోది విడిగా ఉంది. మూడో ఊనిక, అంటే రెండో ముక్కలోని మొదటిది, ఏ ధ్వనితో ఉందో పంక్తి అంతా దానికే కట్టుబడుతుంది. నాలుగోది మామూలుగా కలవకూడదు. ఉత్పలమాలలో పదో అక్షరానికీ చంపకమాలలో పదకొండో అక్షరానికీ యతి చెల్లించిన చెవి ఇది వెంటనే పసిగడుతుంది. తేడాలూ గుర్తుంచుకోవాలి. మన యతికి స్థానం అక్షరాల లెక్కతో స్థిరపడుతుంది, వారిది ఊనికను బట్టి నిర్ణయమవుతుంది. మనకు అ-ఆ-ఐ-ఔలు ఒక జట్టు, ఇ-ఈ-ఎ-ఏలు మరో జట్టు. వారికి ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా మైత్రే. ముప్పై మూడో పంక్తిలో మంచు పట్టిన ఓడను వర్ణించేటప్పుడు ఇ, ఉ, “యా”కు దగ్గరగా ఉండే అచ్చు, మూడూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ప్రతి పాఠంలోనూ పది పంక్తులు తీసుకొని, యతిస్థానం కింద గీత గీసినట్టే ఈ మైత్రి హల్లుల కింద గీతలు గీయండి.

సమాసాలు కూడా మనకు పరిచితమైన పద్ధతే. సముద్రాన్ని తిమింగలాల దారి అనీ, శరీరాన్ని ఎముకల ఇల్లు అనీ ఈ కవులు రెండేసి మాటలు జోడించి చెబుతారు. వీటికి పర్యాయం రాసుకొని వదిలేయకుండా, ఆ చోట ఆ సమాసమే ఎందుకు పడిందో ఆలోచించాలి. ఎముకల ఇల్లు అన్న మాట శరీరం విరిగే సందర్భంలో వచ్చినప్పుడు ఇల్లు కూలిన చప్పుడు వినిపిస్తుంది.

చదివే వరుస నా లెక్కన ఇలా ఉండాలి. క్రీస్తును మోసిన శిలువ తానే మాట్లాడే “డ్రీమ్ ఆఫ్ ది రూడ్” 156 పంక్తులు. దొరను, తోటివారిని పోగొట్టుకొని చలిసముద్రం మీద తిరిగే ఒంటరి మాటలు “ది వాండరర్” 115 పంక్తులు. 991లో వైకింగుల చేతిలో ఓడిన సేనను గూర్చిన “బ్యాటిల్ ఆఫ్ మాల్డన్”. ఈ చివరి కావ్యంలో దొర చచ్చాక ముసలి యోధుడు బిర్త్‌వోల్డ్, మన బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి, గుండె పదునెక్కాలి అంటాడు. ఆ రెండు పంక్తులు వచ్చాక గానీ బేవుల్ఫ్ తెరవకండి. బేవుల్ఫ్‌లో 3182 పంక్తులున్నాయి. అన్నింటినీ మూలంలో చదవడం ఆరంభకులకు సాధ్యం కాదు. ఎదురుపుట అనువాదమున్న ప్రతి తీసుకొని, ఆరంభంలోని ఓడ అంత్యక్రియలు, గ్రెండెల్ అనే రాక్షసుడు చీకట్లో హాలు వైపు నడిచివచ్చే ఘట్టం, చివరి చితి, ఈ మూడింటిని మూలంలో, మిగిలినది అనువాదంలో చదవండి. రాక్షసుల కథ గనుక కావ్యం చరిత్రకు ఆకరంగానే పనికొస్తుందని ఒకప్పుడు పండితులు భావించేవారు. 1936లో టోల్కీన్ ఇచ్చిన ఉపన్యాసం ఆ రాక్షసులే కావ్యానికి ఆయువుపట్టని వాదించింది. మూలం చదివాకే దాన్ని చదవాలి.

రాతప్రతుల సంగతి పక్కన పెట్టకూడదు. ఓల్డ్ ఇంగ్లిష్ కవిత్వంలో అధికభాగం నాలుగే సంపుటాల్లో మిగిలింది. వాటిలో ఒకటి ఇటలీలోని వెర్చెల్లిలో ఉంది. మరొకటి 1072లో మరణించిన బిషప్ లియోఫ్రిక్ ఎక్సెటర్ చర్చికి ఇచ్చినది. బేవుల్ఫ్ ప్రతి 1731లో అగ్నిప్రమాదంలో అంచులు కాలి, ఆ తరవాత పొడిపొడిగా రాలింది. 1787లో థోర్కెలిన్ అనే పండితుడు చేయించిన, చేసుకున్న నకళ్ళలోనే కొన్ని అక్షరాలు మనకు మిగిలాయి. కాబట్టి అచ్చుపుస్తకంలో విరామచిహ్నాలు, పంక్తుల విభజన, చివరికి “బేవుల్ఫ్” అన్న పేరు కూడా తరవాతి సంపాదకులవేనని గుర్తుంచుకొని, చదరపు కుండలీకరణం కనిపించినచోట అడుగున ఉన్న పాఠాంతరాన్ని తప్పక చూడండి. తాళపత్ర ప్రతులను సరిచూసి పరిష్కరించిన తెలుగు కావ్యాలు చదివినవారికి ఈ జాగ్రత్త కొత్తది కాదు.

మూడో మెట్టు: 1066 నుంచి చాసర్ దాకా

ఈ మధ్యకాలాన్ని త్వరగానే దాటవచ్చు. దొరల భాష ఫ్రెంచి, చర్చి భాష లాటిన్ కావడంతో ఇంగ్లిష్ రాత పలచబడింది. పీటర్‌బరో మఠంలో 1154 దాకా సాగిన క్రానికల్‌లో, అంటే ఏటేటా రాసిన చరిత్రలో, విభక్తి ప్రత్యయాలు కళ్ళెదుటే రాలిపోవడం చూడవచ్చు. అందుకోసం 1137 నాటి అరాచకాన్ని వర్ణించిన పేజీ ఒక్కటి చదివితే చాలు. మూడు భాషల సహజీవనం ఎంతకాలం సాగిందో తెలియడానికి చాసర్ మిత్రుడు గవర్ ఉదాహరణ: ఆయన మూడు పెద్ద కావ్యాలను ఫ్రెంచిలో ఒకటి, లాటిన్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాశాడు.

నాలుగో మెట్టు: చాసర్ సమకాలికులు

ఇక్కడ మళ్ళీ నిదానించాలి. “సర్ గావెయిన్ అండ్ ది గ్రీన్ నైట్” చాసర్ కాలానిదే అయినా వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికంలో, పాత హల్లుమైత్రి ఛందస్సులో ఉంది. చాసర్ నుంచి నేరుగా దీనిలోకి దూకినవారు కంగారుపడతారు. ఓల్డ్ ఇంగ్లిష్ గుండా వచ్చినవారికి లయ ముందే తెలుసు. ఆర్థర్ రాజు కొలువులో క్రిస్మస్ వేడుకల నడుమ కొత్త సంవత్సరం రోజున తల నరికించుకున్న ఆకుపచ్చ యోధుడు ఆ తలను చేత్తో ఎత్తుకొని, ఏడాది తరవాత బదులు దెబ్బకు రమ్మని పిలిచి వెళ్ళే ఘట్టంతో మొదలుపెట్టండి. ఇది, “పెర్ల్”తో సహా మరో మూడు కావ్యాలు ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలాయి. లాంగ్లండ్ రాసిన “పియర్స్ ప్లోమన్”లో ఆరంభ దర్శనం, ఆకలి పాత్రగా ప్రవేశించే ఘట్టం చదివితే 1381 రైతుల తిరుగుబాటు నాటి గాలి తెలుస్తుంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయపు టీమ్స్ పాఠ్యమాలలో ఈ కాలపు రచనలు ఎన్నో అర్థవివరణతో ఉచితంగా ఉన్నాయి.

స్త్రీల రచనలను అనుబంధంగా చూడటం పాఠ్యప్రణాళికల్లో ఉన్న పెద్ద లోపం. 1373 మేలో కలిగిన దర్శనాలను నార్విచ్ జూలియన్ ఏళ్ళ తరబడి మనసులో నానబెట్టి రాసిన గద్యం, ఆ కాలపు వచనంలో నాకు అన్నిటికంటే తేటగా కనిపిస్తుంది. ఆమెను కలిసి మాట్లాడిన మార్జరీ కెంప్ జెరూసలేం దాకా వెళ్ళివచ్చి, తన జీవితాన్ని ఇతరులచేత రాయించింది. ఆ పుస్తకపు పూర్తి రాతప్రతి 1934లో గానీ బయటపడలేదు.

నాటకాన్ని వీధిలో ఊహించుకుంటూ చదవాలి. యార్క్ నగరంలో కార్పస్ క్రిస్టి పండగకు బైబిల్ కథలను వృత్తిసంఘాలు చక్రాల బండ్ల మీద ఆడేవి: నోవా ఓడను కట్టే ఘట్టం ఓడలు కట్టేవారిది, శిలువ వేసే ఘట్టం మేకులు చేసేవారిది. శిలువకు ముందే తొలిచిన రంధ్రాలు చేతికి సరిపోక, నలుగురు సైనికులు పనివాళ్ళలా గొణుక్కుంటూ తాళ్ళతో లాగుతుండగా, క్రీస్తు చాలాసేపు మౌనంగా ఉంటాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఈ నాటకాన్ని బిగ్గరగా చదివితే ఆ మౌనం బరువు తెలుస్తుంది. దీనికి జతగా వేక్‌ఫీల్డ్ నాటకాల్లో మాక్ అనే గొర్రెదొంగ దొంగిలించిన గొర్రెను ఉయ్యాలలో బిడ్డగా దాచే రెండో గొర్రెలకాపరుల నాటకం చదవండి.

ఐదో మెట్టు: అచ్చు నుంచి షేక్‌స్పియర్ వాకిలి దాకా

1485లో కాక్స్టన్ అచ్చువేసిన మాలరీ “మోర్ట్ డార్థర్”లో చివరి భాగం, అంటే ఆర్థర్ రాజ్యం కూలడం, కనీసం చదవాలి. అదే గ్రంథపు రాతప్రతి 1934లో విన్‌చెస్టర్ కాలేజీలో దొరికాక, అచ్చువేసేటప్పుడు కాక్స్టన్ ఎంత సవరించాడో తెలిసింది. తరవాత 1557లో టాటెల్ ప్రచురించిన సంకలనంలో వయట్, సర్రే అనే కవుల పద్యాలు. 1526 నాటి టిండేల్ కొత్త నిబంధన నుంచి ఒక అధ్యాయం, దాని పక్కనే 1611 నాటి అధికారిక బైబిల్ అనువాదంలో అదే అధ్యాయం. 1590లో వెలువడిన స్పెన్సర్ “ఫేరీ క్వీన్” మొదటి కాంటో. స్పెన్సర్ కావాలనే పాతమాటలు వాడి చాసర్‌ను గురువుగా చెప్పుకొన్నాడు. చాసర్‌ను ముందే చదివినవారికి ఆ మాటల్లో ఏది నిజంగా పాతదో, ఏది స్పెన్సర్ పాతదనం కోసం కల్పించిందో పట్టుకోవడం సాధ్యమవుతుంది.

ఈ దారి చివర చేయవలసిన కసరత్తు ఒకటుంది. రచనలో షేక్‌స్పియర్ చేయి ఉన్న “పెరిక్లీస్” నాటకంలో సూత్రధారిగా సాక్షాత్తు గవరే సమాధి నుంచి లేచివచ్చి, పొట్టి ద్విపదల్లో పాతకాలపు పలుకుబడితో కథ చెబుతాడు. ఆ తొలి ప్రసంగాన్నీ, గవర్ “కన్‌ఫెషియో అమాంటిస్”లోని అపోలోనియస్ కథ ఆరంభాన్నీ పక్కపక్కన పెట్టి పైకి చదవండి. రెండింటి ఊనికల కింద గీతలు గీయండి. ఎక్కడ నాటకం పాత కవిని అనుకరించిందో, ఎక్కడ తన కాలపు ఉచ్చారణ బయటపడిందో ఒక పేజీ రాయండి. ఆ పేజీ నిఘంటువు తప్ప మరే సాయం లేకుండా రాయగలిగితే, తరవాత ఏం చదవాలన్నది మరొకరిని అడగవలసిన అవసరం ఉండదు.